సంక్రాంతి తర్వాత విడిపోదామనుకున్న దంపతులు: పరస్పర అంగీకార విడాకుల కేసు ఒకటి

ఈ కేసును రాయడానికి భార్యాభర్తలిద్దరూ అనుమతి ఇచ్చారు. పేర్లు రాయడం లేదు. వారిని గుర్తుపట్టేందుకు వీలిచ్చే కొన్ని వివరాలను, అంకెలను మార్చాను. తేదీల వరస, చట్టపరమైన అంశాలు మాత్రం మార్చలేదు, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోదగినదంతా ఆ వరసలోనే ఉంది.

2023 దీపావళి వెళ్ళిన వారంలో ఆ ఇద్దరూ కలిసే, న్యాయవాదినైన నా ఆఫీసుకు వచ్చారు. ఆమెకు ముప్ఫై ఆరేళ్ళు, ఆయనకు ముప్ఫై తొమ్మిది. ఇద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగస్తులు, ఇద్దరి జీతాలూ దాదాపు సమానం. ఆమెది కరీంనగర్ వైపు, ఆయనది కోనసీమ. పాపకు ఏడేళ్ళు. 2022 జూలై నుంచి ఒకే ఫ్లాట్‌లో వేరు వేరు గదుల్లో ఉన్నారు, 2023 జూన్‌లో ఆయన రెండు వీధుల అవతల అద్దెకు దిగారు. కొట్టుకోవడాలు లేవు, పోలీసు కేసులు లేవు, మూడో మనిషి ప్రస్తావన లేదు. కౌన్సెలింగ్‌కు రెండుసార్లు వెళ్ళి వచ్చారు. ఇక కలిసి బతకలేమన్న నిర్ణయానికి ఇద్దరూ విడివిడిగానే చేరుకున్నారని ఒక్కొక్కరితో విడిగా మాట్లాడినప్పుడు నాకు స్పష్టమైంది.

వాళ్ళు అడిగింది ఒక్కటే. "సంక్రాంతి వెళ్ళేదాకా ఎవరికీ తెలియకూడదు మేడమ్. పండగకు ఎప్పటిలాగే ముగ్గురం మా ఊరు వెళ్ళొస్తాం. తర్వాత కాగితాలు వేద్దాం" అని ఆయన అన్నారు. ఆయన తల్లి ఒంటరి మనిషి. కొడుకు, కోడలు, మనవరాలు ఇంటికి వచ్చే ఆ నాలుగు రోజుల కోసమే ఏడాదంతా ఎదురుచూస్తారు. భార్య కూడా ఇందుకు అభ్యంతరం చెప్పలేదు.

పండగ అయ్యాక చూద్దామన్న మాట కుటుంబ కేసులు చూసే ప్రతి న్యాయవాదీ ఏటా వినేదే. ధనుర్మాసంలో ఇలాంటి మాట ఎత్తకూడదని, పండగపూట పెద్దవాళ్ళ మనసు కష్టపెట్టకూడదని కొన్ని నెలలు వాయిదా వేస్తారు. ఆ నెలల్లో ఏ పనీ జరగదు. పండగకు వెళ్ళినచోట ఏదో ఒక మాట జారుతుంది, ఎవరో ఒకరు పెద్దమనుషులను పిలుస్తారు, సామరస్యంగా విడిపోదామనుకున్నవాళ్ళు ఫిబ్రవరి నాటికి ఒకరి మీద ఒకరు నోటీసులు ఇచ్చుకుంటారు. అందువల్ల వాయిదాకు నేను ఒప్పుకున్నాను గాని, ఆ రెండున్నర నెలలకు ఒక పని జాబితా ఉండాలని, కలిసి పండగకు వెళ్ళడం మాత్రం వద్దని చెప్పాను.

వాయిదాను ఎందుకు ఒప్పుకున్నాను

నా ఒప్పుకోలుకు సెంటిమెంటుతో పాటు చట్టపరమైన కారణం కూడా ఉంది. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో 1976 సవరణ ద్వారా 13-బి సెక్షన్ చేరింది. పరస్పర అంగీకారంతో విడాకులు కోరేవారు పిటిషన్ వేసే నాటికి కనీసం ఏడాదిగా వేరుగా ఉంటూ ఉండాలి. మొదటి మోషన్ (ఇద్దరూ కలిసి కోర్టు ముందు పెట్టే విన్నపం) తర్వాత ఆరు నెలలు ఆగి, పద్దెనిమిది నెలలలోపు రెండో మోషన్‌కు రావాలి. ఆ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని, తగిన పరిస్థితులుంటే కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో అమర్‌దీప్ సింగ్ - హర్వీన్ కౌర్ కేసులో చెప్పింది. మినహాయింపుకు ఆ తీర్పు చూపిన అంశాల్లో మొదటిది, పిటిషన్ వేయడానికి ముందే ఏడాదికి అదనంగా ఆ ఆరు నెలలు కూడా, అంటే మొత్తం పద్దెనిమిది నెలలు, వేరుగా గడిచి ఉండటం. రాజీ ప్రయత్నాలు విఫలమై ఉండాలి, భరణం, పిల్లల సంరక్షణ వంటివన్నీ నిజంగా తేలిపోయి ఉండాలి, ఇంకా ఆగితే వారి బాధను పొడిగించడం తప్ప ప్రయోజనం లేదని కోర్టుకు అనిపించాలి.

2022 జూలై నుంచి లెక్కిస్తే పద్దెనిమిది నెలలు 2024 జనవరిలో నిండుతాయి. నవంబరులోనే పిటిషన్ వేసి ఉంటే మినహాయింపు కోరడానికి మా వాదన బలహీనంగా ఉండేది. ఆరు నెలలు ఆగితే రెండో మోషన్ వేసవి దాటి, కొత్త విద్యా సంవత్సరంలో పడేది. పండగ వెళ్ళాక వేస్తే, వేసవి సెలవులకు ముందే డిక్రీ, అంటే విడాకులిస్తూ కోర్టు ఇచ్చే తుది ఉత్తర్వు, వచ్చే అవకాశం ఉంది. అందుకని జనవరి 29, సోమవారం పిటిషన్ వేయాలని ఆ రోజే నిర్ణయించుకుని, అక్కడి నుంచి వెనక్కి లెక్క వేసుకుంటూ వచ్చాం.

ఒకే ఇంట్లో ఉన్న మొదటి పదకొండు నెలలూ వేరుగా ఉన్నట్టు లెక్కకు వస్తాయా అని ఆమె అడిగారు. వస్తాయి. వేరుగా ఉండటమంటే భార్యాభర్తలుగా కాపురం చేయకపోవడమే తప్ప వేరే కప్పు కింద ఉండటం కాదని 1991లో సురేష్టా దేవి కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అయితే అద్దె ఒప్పందం 2023 జూన్ నుంచి మాత్రమే ఉంది. అంతకుముందు కాలానికి సాక్ష్యం వారిద్దరి ప్రమాణ పత్రాలే. ఆ ప్రమాణం మీదే మినహాయింపు కోరబోతూ, పిటిషన్‌కు రెండు వారాల ముందు ముగ్గురూ కలిసి అత్తవారింట పండగ చేసుకుని రావడం నాకు సమ్మతం కాలేదు. చట్టం దృష్టిలో అదొక్కటే కేసును పాడుచేయదు. కానీ దానికంటే పెద్ద అభ్యంతరం పాప. అమ్మానాన్నలు మళ్ళీ కలిసిపోయారని ఏడేళ్ళ పిల్ల నాలుగు రోజులు నమ్మి, తిరిగి వచ్చాక వారం తిరగకుండానే విడిపోతున్నారని వినడం కంటే క్రూరమైనది ఇంకొకటి ఉంటుందా? ఆ పెద్దావిడకైనా అంతే. కొడుకు విడాకుల బాధను ఆవిడ ఎప్పటికైనా తట్టుకోగలరు గాని, తన ఇంట్లో పండగపూట అందరూ కలిసి నటించారన్న అవమానాన్ని మరచిపోలేరు. ఈ మాట చెప్పినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చివరకు పాపను తీసుకుని ఆయన కోనసీమకు, ఆమె కరీంనగర్‌కు వెళ్ళాలని, ముక్కనుమ నాడు ఎవరి తల్లిదండ్రులకు వారు ముఖాముఖి చెప్పాలని నిర్ణయమైంది.

నేను ఆమె తరఫు న్యాయవాదిని. ఇద్దరికీ ఒక్కరే చాలని వాళ్ళు అన్నా నేను ఒప్పుకోలేదు. ఒప్పంద పత్రం ప్రతి ముసాయిదానూ ఆయన తన సొంత న్యాయవాదికి చూపించుకున్నారు. దీనివల్ల ఖర్చు కొంత పెరిగింది గాని, తర్వాత ఆయన వైపు పెద్దలు "ఆ లాయరమ్మ రాసిందానికల్లా సంతకం పెట్టావు" అన్నప్పుడు ఆయన సమాధానం చెప్పుకోగలిగారు.

ఆస్తి, బంగారం, ఒక మరిచిపోయిన చేబదులు

మొదటి పనిగా ఇద్దరిచేతా ఆస్తులు, అప్పుల వివరాలు రాయించాను. మనోవర్తి కేసుల్లో ఇరువైపులా దాఖలు చేయాలని 2020లో రజనీష్ - నేహా తీర్పు నిర్దేశించిన అఫిడవిట్ నమూనానే వాడాను. అంగీకార విడాకులకు అంత వివరం అవసరం లేదనేవారున్నారు. తెలియని ఖాతా ఒకటి తర్వాత బయటపడితే మొత్తం అంగీకారమే మోసం కిందికి వస్తుంది, అంగీకారం మోసం వల్లో ఒత్తిడి వల్లో వచ్చింది కాదని తృప్తి చెందాకే కోర్టు డిక్రీ ఇవ్వాలి. కాబట్టి ఆ శ్రమ ముందే పడటం మంచిది.

ఫ్లాట్ 2017లో ఇద్దరి పేరునా కొన్నది. ఒప్పందం నాటికి దాని విలువ 84 లక్షలుగా ఇద్దరూ ఒప్పుకున్నారు. హోమ్ లోన్ 34 లక్షలు మిగిలి ఉంది. మిగిలే 50 లక్షల్లో చెరిసగం. పాప బడి దగ్గర కాబట్టి ఫ్లాట్ ఆమె ఉంచుకోవాలి, ఆయన వాటాకు ఆమె 25 లక్షలు ఇవ్వాలి. అందులో 10 లక్షలను ఆయన తన ఇష్టంతో పాప పేర డిపాజిట్ చేయమన్నారు.

ఇక్కడ నేను ఒక తప్పు చేశాను. విడాకుల ఒప్పందంలో అప్పు ఎవరు కడతారో ఎంత స్పష్టంగా రాసుకున్నా, దానికి బ్యాంకు కట్టుబడదు. బ్యాంకు దృష్టిలో ఇద్దరూ రుణగ్రహీతలే. ఆయన పేరు తీసేయాలంటే ఆమె ఒక్కరి ఆదాయం మీద లోన్ మళ్ళీ మంజూరు కావాలి. ఇది నాకు తెలిసిన విషయమే. అయినా దరఖాస్తు పని నవంబరులోనే మొదలుపెట్టించకుండా, పిటిషన్ వేశాక చూసుకోవచ్చనుకున్నాను. మంజూరు మార్చి చివరికి గాని రాలేదు, ఫ్లాట్‌లో తన వాటాను ఆయన వదులుకుంటూ రాసే హక్కు విడుదల పత్రం రిజిస్ట్రేషన్ డిక్రీకి కొద్ది రోజుల ముందు వరకూ వెనకబడింది. డిక్రీ ముందుగా వచ్చేసి ఉంటే, భార్యాభర్తలుగా ఉండగా జరగాల్సిన బదిలీ బయటివాళ్ళ మధ్య బదిలీగా మారేది. భార్యాభర్తలు ఒకరికొకరు బహుమతిగా ఇచ్చుకున్న ఆస్తి మీద పుచ్చుకున్నవారికి ఆదాయపు పన్ను ఉండదు, డిక్రీ తర్వాత వారు ఆ చట్టం చెప్పే బంధువుల్లోకి రారు. స్టాంపు సుంకం లెక్క కూడా వేరవుతుంది. ఇప్పుడు ఇలాంటి కేసు ఏది వచ్చినా మొదటి వారంలోనే బ్యాంకుకు, ఆడిటర్ దగ్గరకు పంపుతున్నాను.

బంగారం దగ్గర వచ్చిన చిక్కు కొలతల్లో. ఆమె పుట్టింటివారు తులాల్లో చెబుతారు, ఆయన తల్లి కాసుల్లో చెబుతారు. పాత తులం 11.66 గ్రాములైతే ఈనాటి వ్యాపారులు 10 గ్రాములకే లెక్కిస్తారు, కాసు 8 గ్రాములు. రెండు జాబితాల మధ్య తేడా చూసి ఇరువైపులా మనసులో అనుమానం మొదలైంది. నగలన్నీ ఒకచోట పెట్టి, ఇద్దరి ముందే తూకం వేయించి, వస్తువు పేరు, గ్రాములు, ఫోటోతో జాబితా చేయించాక ఒక్క వస్తువు కూడా తగ్గలేదని తేలింది. అత్తవారు కోడలికి పెట్టిన నగలు కూడా ఆమె స్త్రీధనమేనని, భర్త దగ్గరో అత్త దగ్గరో ఉన్నంతమాత్రాన అవి వాళ్ళవి కావని 1985 నాటి ప్రతిభారాణి తీర్పు నుంచీ న్యాయం స్థిరంగా ఉంది. అది తెలిసీ, అత్తగారి అమ్మమ్మ నాటి హారాన్ని ఆమె తిరిగి ఇచ్చారు. అది పాప పెళ్ళినాటికి పాపదేనని ఒప్పందంలో రాయించింది మాత్రం అత్తగారే.

ముక్కనుమ నాడు రెండు ఊళ్ళలోనూ విషయం చెప్పారు. కోనసీమలో ఏడుపులు అయ్యాయి గాని గొడవ కాలేదు. కరీంనగర్‌లో ఆమె తండ్రి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు లెక్కల పుస్తకం తీశారు. 2017లో ఫ్లాట్ కొన్నప్పుడు ఆయన 6 లక్షలు ఇచ్చారు, కాగితం రాసుకోలేదు. కూతురు, అల్లుడు ఇద్దరూ దాన్ని మరిచిపోయారు. జనవరి 21 ఆదివారం నాడు నా ఆఫీసులో ఇరువైపుల నుంచి ఇద్దరేసి పెద్దలను మాత్రమే కూర్చోబెట్టాం. కట్నం, లాంఛనాలు, పెళ్ళి ఖర్చు దాకా మాట వెళ్ళబోతుంటే, ఇవాళ ఫ్లాట్ లెక్క తప్ప మరొకటి మాట్లాడేది లేదని ముందే అంగీకరించిన నియమాన్ని గుర్తుచేశాను. అల్లుడు తన పాత బ్యాంకు స్టేట్‌మెంట్ తెప్పించి, ఆ జమ చూపించి, "ఇచ్చారు మామయ్యగారూ, నేనే మరిచిపోయాను" అన్నారు. ఆ ఒక్క మాటతో గదిలో వేడి చల్లారింది. 50 లక్షల్లోంచి 6 తీసేసి, మిగిలిన 44లో సగం 22 లక్షలు ఆయన వాటాగా తేలింది. పాప డిపాజిట్ 10 పోను ఆమె ఆయనకు ఇవ్వాల్సింది 12 లక్షలు.

ఆడపిల్ల మొగుడికి డబ్బు కట్టి విడిపోవడమేమిటని ఆమె మేనమామ పట్టుబట్టారు. నేను జవాబు చెప్పబోయేలోపే ఆమె, "ఇల్లు నా పేరున ఉంటుంది మామయ్యా, ఎవరి దయతోనో ఉన్నట్టు కాదు" అన్నారు. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. శాశ్వత భరణాన్ని ఆమె తన మట్టుకు వద్దని రాశారు. పాప పోషణ హక్కును మాత్రం తల్లి వదులుకోలేదు, వదులుకున్నా చెల్లదు. నెలకు 22,000 రూపాయలు, ఏటా జూన్‌లో 8 శాతం పెంపు, బడి ఫీజులో సగం ఆయన నేరుగా బడికే కట్టడం అని రాశాం.

పండగలు ఎవరి ఇంట్లో

ఒప్పంద పత్రంలో నేను ఎక్కువ కాలం వెచ్చించింది ఈ భాగం మీదే. మొదటి ముసాయిదాలో అందరూ రాసినట్టే "పండగలు, సెలవులు సమానంగా పంచుకోవాలి" అని రాశాను. ఆమె దాన్ని చదివి, "సమానంగా అంటే భోగి ఇక్కడ, కనుమ అక్కడా?" అని అడిగారు. సంక్రాంతి రద్దీలో ఏడేళ్ళ పిల్లను రాత్రి బస్సుల్లో అటూ ఇటూ తిప్పడం అసాధ్యం. ఒక ఏడాది నీకు, ఒక ఏడాది నాకు అన్నది తర్వాతి ఆలోచన. అలా అయితే ఆ పెద్దావిడ రెండేళ్ళకోసారి మనవరాలు లేని సంక్రాంతి చేసుకోవాలి, కరీంనగర్ అమ్మమ్మ రెండేళ్ళకోసారి మనవరాలు లేని సద్దుల బతుకమ్మ చూడాలి.

అప్పుడు నాకు తట్టింది, వీళ్ళిద్దరి ప్రాంతాల తేడాయే పరిష్కారమని. తెలంగాణలో ఆడపిల్లలు పుట్టింటికి చేరేది బతుకమ్మ, దసరాలకు. కోనసీమలో ఊరంతా ఇంటికి చేరేది సంక్రాంతికి. దసరా సెలవులు పూర్తిగా తల్లితో, సంక్రాంతి సెలవులు పూర్తిగా తండ్రితో, ప్రతి ఏడూ అంతే. దీపావళి వంతులవారీగా. వేసవి సెలవుల్లో నాలుగు వారాలు తండ్రి దగ్గర. పుట్టినరోజు తేదీ ప్రకారం తల్లి ఇంట్లో, తిథి ప్రకారం తండ్రి ఇంట్లో. ఈ చివరిది ఆయన సూచనే. ఓణీల వేడుకకు ఇద్దరూ కలిసి నిలబడాలని ఆమె రాయించారు. మిగతా రోజుల్లో పాప తల్లి దగ్గర, వారాంతాలు ఒకటి విడిచి ఒకటి తండ్రి దగ్గర. విదేశీ ప్రయాణానికి రెండోవారి రాతపూర్వక అంగీకారం ఉండాలి.

పాపకు జనవరి 20 శనివారం నాడు, మర్నాడు పెద్దలు కూర్చోవడానికి ముందే, ఇద్దరూ కలిసి చెప్పారు. ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ముందుగా అనుకున్నారు. ఎవరి తప్పన్నది లేదు, బడి మారదు, గది మారదు, నాన్న ఫోన్ ప్రతి రాత్రీ వస్తుంది. పాప చాలాసేపు విని, నానమ్మ ఇంట్లో వచ్చే సంక్రాంతికి బొమ్మల కొలువు ఉంటుందా అని అడిగిందట. ఉంటుందని తండ్రి ఖచ్చితంగా చెప్పగలిగారు, ఎందుకంటే ఆ సంగతి అప్పటికే కాగితం మీద ఉంది.

కోర్టులో

పెళ్ళి కరీంనగర్‌లో జరిగినా చివరిగా కలిసి ఉన్నది రంగారెడ్డి జిల్లా పరిధిలో కాబట్టి ఎల్.బి. నగర్‌లోని ఫ్యామిలీ కోర్టులో అనుకున్న రోజునే పిటిషన్ వేశాం. ఫిబ్రవరిలో మొదటి మోషన్ వాంగ్మూలాలు నమోదయ్యాయి, ఆమె 5 లక్షల డీడీ ఆయనకు ఇచ్చారు. రెండో మోషన్ దాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే మిగతా 7 లక్షలు డిక్రీ రోజుకు ఉంచాం, ఎవరు వెనక్కి తగ్గినా పుచ్చుకున్నది తిరిగి ఇవ్వాలని రాశాం. వారం గడిచాక ఆరు నెలల మినహాయింపు కోరుతూ దరఖాస్తు వేశాం. కోర్టు మీడియేషన్‌కు పంపింది. రెండు సిట్టింగుల తర్వాత రాజీ కుదరదని, షరతులన్నీ స్వచ్ఛందంగా తేలినవని నివేదిక వచ్చింది.

న్యాయమూర్తి ఇద్దరినీ విడివిడిగా ఛాంబర్‌కు పిలిచారు. భార్యే డబ్బు ఇస్తుండటం చూసి, ఒత్తిడి ఏమైనా ఉందా అని ఆమెను పదేపదే అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఫ్లాట్ విలువ, లోన్ నిల్వ, తండ్రి ఇచ్చిన 6 లక్షలు, వాటా లెక్క అన్నీ ఒకే పేజీలో ఆమె దగ్గర ఉన్నాయి. తన మాటల్లోనే వివరించారు. విడుదల పత్రం రిజిస్ట్రేషన్ కోసం రెండు వారాల వాయిదా మేమే కోరాం. మినహాయింపు మంజూరై, ఏప్రిల్ మూడో వారంలో డిక్రీ వచ్చింది. అంగీకారంతో వచ్చిన డిక్రీ మీద అప్పీలు ఉండదు. మరుసటి నెలలో బీమా, భవిష్య నిధి నామినేషన్లు, ఆరోగ్య బీమా పాలసీలు మార్చుకోమని ఇద్దరికీ జాబితా పంపాను. ఈ పని చాలామంది ఏళ్ళ తరబడి చేయరు.

తర్వాత

2025 సంక్రాంతికి పాప తండ్రితో కోనసీమ వెళ్ళింది. ఒప్పందంలో సెలవుల ప్రయాణానికి తీసుకెళ్ళేవారు రిజర్వేషన్ తెరిచిన రోజే రాజమండ్రి దాకా రైలు టికెట్లు తీసి, ప్రయాణానికి 120 రోజుల ముందు నకలు రెండోవారికి పంపాలని ఉంది. ఆయన సెప్టెంబరులోనే పంపారు. రైల్వే ఆ ముందస్తు గడువును 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకు తగ్గించింది. ఆ క్లాజు ఇక పాటించడం కుదరదని మొదట గమనించింది ఆమె. ఇద్దరూ మెయిల్‌లో అంగీకరించి నాకు పంపితే, 120 బదులు 60 అని మార్చి సవరణ లేఖ తయారుచేశాను. ఇద్దరూ సంతకాలు చేశారు. నానమ్మగారు పంపిన అరిసెల డబ్బా ఒకటి ఆ లేఖతో పాటే నా ఆఫీసుకు వచ్చింది.